1971 యుద్ధంలో పనిచేసిన మా తాతగారి దళాన్ని కనుక్కోవడం ఎలా?

వరంగల్ దగ్గరి పల్లె నుంచి సైన్యంలో చేరిన మా తాతగారు నిరుడు కన్నుమూశారు. యుద్ధం గురించి ఆయన ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. సెలవు ముగిసి కాజీపేటలో రైలెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసేవారు కాదని మాత్రం బాపమ్మ చెబుతుంది. ఆయన ఇనుప సందూకలో, 1971లో తూర్పు రంగంలో పనిచేసినవారికి ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం దొరికింది. దానిపై చెక్కిన సైనిక సంఖ్య చదవగలుగుతున్నాము గానీ, డిశ్చార్జి పుస్తకాన్ని చెదలు తినేయడంతో ఆయన ఏ దళంలో పనిచేశారో తెలియడం లేదు. మద్రాస్ రెజిమెంటు రికార్డులు వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్‌లో ఉంటాయి కనుక, దళం తేలితేనే ఎక్కడికి రాయాలో నిర్ణయించుకోగలము. సైనిక సంఖ్యతోనో, బాపమ్మ కుటుంబ పింఛను పత్రంతోనో ఈ వివరం రాబట్టినవారు ఎవరైనా ఉంటే, ఏ కార్యాలయాన్ని ఎలా అడిగారో దయచేసి తెలియజేయగలరా? బాపమ్మకు 84 ఏళ్లు. ఆమె ఉండగానే ఆయన సేవా చరిత్రను చదివి వినిపించాలని ఉంది.