‘టైప్ కాస్ట్’ని తెలుగులో ఏమందాం? ‘మార్పిడి’ అనబుద్ధి కావడం లేదు

అడిగినవారు:

వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రైల్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. మోడల్, కంట్రోలర్ లాంటి మాటల జోలికి పోలేదు, అలాగే ఉంచేశాను. యాట్రిబ్యూట్‌ని ‘లక్షణం’ అన్నాను, టైప్‌ని ‘రకం’ అన్నాను. చిక్కంతా ‘కాస్ట్’ దగ్గరే వచ్చింది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఫారంలోంచి వచ్చేదంతా అక్షరాల వరసే. వయసు గడిలో 42 అని కొడితే ప్రోగ్రాముకి అందేది 4, 2 అనే రెండు గుర్తులు, నలభై రెండు అనే సంఖ్య కాదు. మోడల్‌లో, అంటే ప్రోగ్రాములో సమాచారాన్ని చూసుకునే భాగంలో, వయసు అనే లక్షణం ఇంటీజర్ (పూర్ణాంకం) రకానిదని చెప్పి ఉంటే, ఆ రకమే గుర్తుల్ని అందుకుని సంఖ్యని మన చేతిలో పెడుతుంది. దాన్నే కాస్ట్ అంటారు. 2016లో వచ్చిన రైల్స్ 5.0 నుంచి, డేటాబేస్ పట్టికలో ఏ రకం ఉన్నా సరే, లక్షణానికి మనకి కావలసిన రకం మనమే చెప్పుకోవచ్చు. సొంత రకాలు కూడా రాసుకోవచ్చు.

‘మార్పిడి’ అని రాసి చూశాను. అందులో ఇచ్చిపుచ్చుకోవడం ధ్వనిస్తోంది. ‘రూపాంతరం’ అన్నాను. సరుకు అదే ఉండి వేషం మారితే రూపాంతరం అనొచ్చు. ఇక్కడ ఒక్కోసారి సరుకే మారిపోతోంది. మీరేమంటారు?

నిఘంటువుల పిచ్చి ఉన్నవారు:

ఇంగ్లీషు మాటకి మూలార్థం విసరడం. కరిగించిన లోహాన్ని అచ్చులో పోయడం అనే అర్థం తరవాత చేరింది. మనకి ‘పోత పోయడం’ ఉండనే ఉంది. పోత విగ్రహం అంటాం, పోత ఇనుము అంటాం. ‘మూస’ కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో టెంప్లేట్‌ని మూస అనే అంటున్నారు, మూస కథలు అని అందరం తిట్టుకుంటూనే ఉంటాం. ‘రకం మూసలో పోయడం’ అంటే సరిపోదా?

కోడు రాసేవారు:

బొమ్మ బాగుందండీ, కానీ జరిగే పని అది కాదు. పోత పోయాలంటే పాత రూపం పూర్తిగా కరిగిపోవాలి కదా. రైల్స్ దేన్నీ కరిగించదు. మీరిచ్చిన అసలు విలువని అలాగే దాచి, మీరు లక్షణాన్ని చదవబోయినప్పుడు మాత్రమే కాస్ట్ చేస్తుంది. లక్షణం పేరు చివర ‘బిఫోర్ టైప్ కాస్ట్’ అని తగిలించి అడిగితే పాతదే ఇస్తుంది.

అలా దాచడం వల్ల పెద్ద ఉపయోగమే ఉంది. ఇంటీజర్ రకానికి ‘12 మంది’ అని ఇవ్వండి, ముందున్న అంకెలు పట్టుకుని 12 అంటుంది. ‘పన్నెండు’ అని ఇవ్వండి, 0 అంటుంది. ‘1,200’ అని ఇస్తే 1 అంటుంది, కామా దగ్గర ఆగిపోతుంది కాబట్టి. ఇక్కడివాళ్ళకి నచ్చని సంగతి ఇంకోటి: ‘౧౨’ అని మన అంకెలు వేస్తే దానికీ 0 అంటుంది. గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం సున్నా కాదు, నిల్, అంటే విలువే లేదని. ఇన్ని జరుగుతున్నా ‘ఇది సంఖ్యేనా’ అని చూసే తనిఖీ మోసపోదు. అది కాస్ట్ అయిన విలువని కాక దాచిన విలువని చూస్తుంది గనక ‘12 మంది’ అన్నదాన్ని వెనక్కి పంపేస్తుంది.

ఇక అవును, కాదు అనే రెండే విలువలుండే బూలియన్ రకం సంగతి. 0, ఎఫ్, ఫాల్స్, ఆఫ్, ఇలా కాదు అనిపించే విలువల చిన్న జాబితా ఒకటి దానిదగ్గర ఉంటుంది. జాబితాలో ఉన్నవి కాదు. ఖాళీ అయితే నిల్. మిగతా లోకమంతా అవును. ఇంగ్లీషులో ‘నో’ అని రాసి ఇచ్చినా అవునే. తెలుగులో ‘కాదు’ అని రాసి ఇచ్చినా అవునే.

దీన్ని రూపాంతరం అనడానికి నాకూ నోరు రాదు.

వ్యాకరణం మాస్టారు:

నాకు కంప్యూటరు రాదు, అయినా మీరు చెప్పిన పని నాకు బాగా తెలిసిందే. వెయ్యేళ్ళుగా తెలుగు చేస్తున్నది అదే.

సంస్కృతంలో ‘రామః’, ‘వృక్షః’ రెండూ అకారాంత పుంలింగాలే. ఒకే అచ్చు. తెలుగులోకి వచ్చేసరికి మొదటిది రాముడు అయింది, రెండోది వృక్షము అయింది. వృక్షుడు ఎందుకు కాలేదు? అక్కడి లింగం ఇక్కడ చెల్లదు కనక. మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు, చెట్టూ పుట్టా అమహత్తులు, ఇదీ మన లెక్క. మహత్తుకి డు, అమహత్తుకి ము, గురువు ధేనువు లాంటి ఉకారాంతాలకి వు. డుమువులు అని చిన్నప్పుడు వల్లించినవే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమాలకి ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. వచ్చినవాడు ఏ వేషంలో వచ్చాడన్నది కాదు, లోపల ఏ గదిలో కూర్చుంటాడన్నది ముఖ్యం. మీ రకం చేసేదీ అదే అనుకుంటాను. బస్సు, కారు, రోడ్డు కూడా చివర ఉకారం తగిలించుకునే లోపలికొచ్చాయి.

ఇక పేరు. ఒక వర్ణం స్థానంలో ఇంకో వర్ణం రావడాన్ని ఆదేశం అంటారు. ‘వాడు కొట్టె’ కాస్తా ‘వాడు గొట్టె’ అవుతుంది, గసడదవాదేశం. ఉన్నదాన్ని కదపకుండా పక్కన వచ్చి చేరేది ఆగమం, ‘మా అమ్మ’ ‘మాయమ్మ’ అయినట్టు. ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వస్తుంది అని పాతమాట. శత్రువు ఉన్నవాణ్ణి లేపి ఆ పీటమీద తను కూర్చుంటాడు. అలా లేచిపోయినవాడి పేరు స్థాని. కాస్ట్‌ని ఆదేశం అనండి. మీరు దాచిపెడుతున్న అసలు విలువని స్థాని అనండి.

అడిగినవారు:

మాస్టారూ, ‘స్థాని’ అన్నమాటకి దండం. ‘కాస్ట్‌కి ముందున్న విలువ’ అని ప్రతిచోటా నాలుగు మాటలు రాయలేక చచ్చిపోతున్నాను.

ఒక అనుమానం. పీట ఖాళీ చేసినవాణ్ణి మళ్ళీ పిలిచి తనిఖీలో కూర్చోబెడుతున్నాం కదా. వ్యాకరణంలో అలాంటిది ఉందా?

వ్యాకరణం మాస్టారు:

ఉందమ్మా. పాణిని అష్టాధ్యాయిలో 1.1.56 చూడండి. ఆదేశం వచ్చాక కూడా దాన్ని స్థానిగానే ఎంచి మిగతా కార్యాలు చేయమంటాడు. స్థానివద్భావం అంటారు. వర్ణాన్ని బట్టి చేసే విధులకి మాత్రం అది చెల్లదని అక్కడే మినహాయించాడు కూడా.

కోడు రాసేవారు:

ఇది భలే కలిసిందండీ. రైల్స్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. లక్షణం విలువ ఇప్పటికే 0 అనుకోండి, మీరు ‘పన్నెండు’ అని ఇచ్చారు. కాస్ట్ చేసినా మళ్ళీ 0 కనక విలువ మారలేదనాలి. అయినా మారింది అంటుంది! స్థాని అంకె కాదని చూసి అలా చెబుతుంది. లేకపోతే తప్పు రాసిన సంగతే ఎవరికీ పట్టదు.

‘ఆదేశం’ మీద మాత్రం అభ్యంతరం ఉంది. ఇవాళ ఆ మాట వింటే ఎవరికైనా గుర్తొచ్చేది ఆజ్ఞ. ‘డేటాబేస్‌కి ఆదేశం’ అని రాస్తే క్వెరీ, అంటే డేటాబేస్‌ని సమాచారం అడగడం, అనుకుంటారు. అంతగా కావాలంటే గసడదవాదేశం లాగే ‘రకాదేశం’ అని ఒక మాట కట్టుకుందాం.

వ్యాకరణం మాస్టారు:

రకం ఉర్దూ దారిలో వచ్చిన మాట. దాన్ని తీసుకొచ్చి ఆదేశంతో సవర్ణదీర్ఘం చేస్తారా? వైరిసమాసం. నేను సంతకం పెట్టను.

నిఘంటువుల పిచ్చి ఉన్నవారు:

పెట్టకండి మాస్టారూ, జనం ఇంతకంటే పెద్ద వైరాలే కట్టి వాడేస్తున్నారు. నా సందేహం వేరు. కాస్ట్ ఒక్కటే ఉందా, ఇంకా ఇలాంటివి ఉన్నాయా? ఒక్కదానికే పేరు పెట్టి మిగతావాటిని వదిలేస్తే తరవాత తలనొప్పి.

కోడు రాసేవారు:

మూడున్నాయి. మనిషి దగ్గర్నుంచి వచ్చినదాన్ని అందుకోవడం కాస్ట్. డేటాబేస్‌లోంచి తీసి అందుకోవడం డీసీరియలైజ్. డేటాబేస్‌కి పంపేముందు దానికి అర్థమయ్యేలా కట్టివ్వడం సీరియలైజ్. సొంత రకం రాసేటప్పుడు డీసీరియలైజ్ గురించి ఏమీ చెప్పకపోతే అది కాస్ట్‌నే పిలుస్తుంది, సీరియలైజ్ గురించి చెప్పకపోతే వచ్చినదాన్ని అలాగే పంపేస్తుంది. ఇంటీజర్ పరిధి కూడా ఈ పంపే గుమ్మం దగ్గరే చూస్తారు. మామూలుగా 4 బైట్లు, అంటే 2,147,483,647 దాకా. మూడు వందల కోట్లు ఇచ్చినా కాస్ట్ ఏమీ అనదు, సేవ్ చేయబోతే ఆపేస్తుంది.

ఈ మూడూ ఒకటే అనుకుని ఒకసారి నేను బోల్తా పడ్డాను. నిడివికి ఒక రకం రాసుకున్నాను. ‘1:30’ అని ఇస్తే 90 నిమిషాలు అవుతుంది. సేవ్ చేస్తే చక్కగా 90 అని దాచింది. అదే ‘1:30’ ఇచ్చి వెతికితే ఏమీ దొరకలేదు. సగం రోజు తల పట్టుకున్నాక తెలిసింది, వెతికేటప్పుడు పిలిచేది సీరియలైజ్‌ని, కాస్ట్‌ని కాదు. నేను రాసింది కాస్ట్ ఒక్కటే. మార్చని ‘1:30’ అలాగే వెళ్ళి 90లతో పోల్చుకుంటోంది. అప్పట్లో నా బుర్రలో రెంటికీ ‘మార్చడం’ అనే ఒకటే మాట ఉండేది.

అడిగినవారు:

అందుకే మార్పిడి వద్దనిపించింది కాబోలు, కారణం చెప్పలేకపోయాను.

ఇదంతా చదివాక ఇంకోటి తోచింది. మీ సందేశాల్లోనే చూడండి, ‘12 అంటుంది’, ‘0 అంటుంది’ అనే రాశారు. ఎక్కడా మార్చింది అనలేదు. మనం నామవాచకం కోసం వెతుకుతున్నాం గానీ తెలుగులో ఈ పని చేసేది ‘గా’ అనే చిన్న ముక్క. తిట్టుని పొగడ్తగా తీసుకున్నాడు అంటాం. తిట్టు మారలేదు, అన్నవాడి నోట్లో అది తిట్టే. తీసుకున్నవాడి దగ్గర పొగడ్త అయింది. ‘12 మంది అన్నదాన్ని ఇంటీజర్ 12గా తీసుకుంటుంది’, ‘కాదు అని రాస్తే బూలియన్ దాన్ని అవునుగా తీసుకుంటుంది’. స్థాని ఎక్కడికీ పోలేదన్న సంగతి కూడా వాక్యంలోనే ఉంది. పంపేదాన్ని ‘మూట కట్టడం’ అంటాను, డేటాబేస్‌లోంచి వచ్చేదాన్ని ‘మూట విప్పడం’ అంటాను. శీర్షికల్లో మాత్రం టైప్ కాస్ట్ అనే ఉంచుతాను, వెతుక్కునేవాళ్ళకి దొరకాలి కదా.

వ్యాకరణం మాస్టారు:

‘గా’ నాకు సమ్మతమే. ఆదేశాన్ని తోసేసి స్థానిని మాత్రం ఉంచుకుంటున్నారు, అదొక్కటే విడ్డూరంగా ఉంది. ఆదేశం లేకపోతే అతను దేనికి స్థాని?

కోడు రాసేవారు:

ఆ ప్రశ్నకి నా దగ్గరో జవాబుంది మాస్టారూ. విలువ నిల్ అయితే మామూలు రకాల్లో కాస్ట్ దాన్ని అసలు ముట్టుకోదు, నిల్‌ని నిల్‌గానే తిరిగి ఇచ్చేస్తుంది. అక్కడ ఆదేశమే లేదు, స్థాని మాత్రం ఉంటాడు.

వ్యాకరణం మాస్టారు:

దాన్ని మేము ప్రకృతిభావం అంటాం. సంధి జరగాల్సిన చోట జరగకుండా ఉన్నది ఉన్నట్టే ఉండిపోవడం.

అడిగినవారు:

ఆగండాగండి, ఇదీ రాసుకుంటున్నాను.