కాకినాడ అక్షరాలను ఎన్ని రకాలుగా అమర్చొచ్చు? 24 ఎలా తప్పవుతుంది?

గోదారి గట్టు: మా వాడు ఇంటర్ సెకండియర్, తెలుగు మీడియం. "కాకినాడ పదంలోని అక్షరాలను ఎన్ని రకాలుగా అమర్చవచ్చు" అని ట్యూషన్‌లో ఇచ్చారు. కా, కి, నా, డ నాలుగూ వేరే కదా అని 4! (అంటే 4×3×2×1) = 24 రాశాడు. సారు కొట్టేసి 3360 వేశారు. అది ఇంగ్లిష్ స్పెల్లింగ్ లెక్క. తెలుగులో అడిగి ఇంగ్లిష్‌లో దిద్దడమేంటండీ?

చాక్‌పీసు: 3360 లెక్కలో తప్పేం లేదు. KAKINADAలోని ఎనిమిదింట్లో A మూడు, K రెండు. 8!ని, అంటే 40320ని, 3!×2!తో భాగించడమే. ఈ రకం లెక్కలు ఇంగ్లిష్ పదాలతోనే ఎక్కువగా వస్తాయి, అలవాటు. పైగా మీవాడి 24లో పునరావృతమే లేదు. ఇక ఆ లెక్క ఇవ్వడం దేనికి?

గోదారి గట్టు: కనకదుర్గ ఇవ్వొచ్చుగా మాస్టారూ! ఒక 'క' ఎర్ర స్కెచ్‌తో, ఇంకోటి నీలంతో చీటీల మీద రాసిచ్చా మావాడికి. ఐదు చీటీలు, 120 వరసలు. రంగు పట్టించుకోకపోతే రెండేసి ఒకటైపోయి 60. కా, కి చీటీలు అలా ఎప్పటికీ ఒకటి కావు.

కోడు కూలీ: యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి) కాకినాడ ఏడు ముక్కలు. క రెండు, దీర్ఘం రెండు, గుడి, న, డ. 5040/4 = 1260.

చాక్‌పీసు: అందులో దీర్ఘంతో మొదలయ్యేవి 360, గుడితో 180. కాస్త పలికి వినిపించండి బాబూ.

కోడు కూలీ: 😀 సరే, హల్లులు విడిగా, గుణింతాలు విడిగా తిప్పుదాం. క, క, న, డ: 12 వరసలు. రెండు దీర్ఘాలు, గుడి, తలకట్టు: ఇంకో 12. మొత్తం 144. 'డాకనాకి' బాగానే పలుకుతోందిగా!

పాత పలక: 2, 2, 1, 1తో ఎన్ని సంఖ్యలని భాస్కరాచార్యుడు తన లెక్కల పుస్తకం లీలావతిలో అడిగాడు. జవాబు 6. అంకె అంటే ఏంటన్న తగువు అక్కడ లేదు. మన పేచీ భాగహారంతో కాదు, అక్షరంతో. గణాలు కట్టేవాడినడిగినా కాకినాడ గురువు, లఘువు, గురువు, లఘువు, నాలుగే అంటాడు. నా ఓటు 24కే.

గోదారి గట్టు: మావాడిప్పుడు నరసన్నపేట పట్టుకున్నాడు. న, న్న వేరే కాబట్టి 720 అంటున్నాడు.

చాక్‌పీసు: ఒత్తుంది కదా, వేరే. అయితే ఇంగ్లిష్‌లో 86,48,640 వస్తుంది. ఏ లెక్కో సారుని ముందే అడగమనండి.