పాత డీజిల్ పికప్ పొద్దున్నే అందుకోవడం లేదు: డీజిల్ పంపు విప్పించాలా, ముందు పైపులూ వాషర్లూ మార్చి చూడాలా?

ప్రశ్న: నర్సంపేట పత్తి రైతు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2008 మోడల్ బొలెరో పికప్ ఉంది, 2523 సీసీ డీజిల్ ఇంజన్. మా బాపు కొన్న బండి కావడం వల్ల అమ్మడానికి మనసు ఒప్పడం లేదు, అమ్మినా ఆ డబ్బుకు ఇంకో బండి రాదు. పత్తి ఏరే రోజుల్లో వారానికి రెండు మూడు సార్లు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు లోడు తీసుకుపోతాము, మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలకూ దాణాకూ తిరుగుతుంది.

చలి మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున స్టార్ట్ కావడం కష్టమైంది. రాత్రంతా నిలిచిన బండి నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. అందుకున్నాక అర నిమిషం తడబడి, ఆ తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తుంది. సాయంత్రం దాకా ఎక్కడ ఆపినా మళ్లీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ బాగానే తిప్పుతోంది. ఒక మెకానిక్ చూసి, డీజిల్ పంపు అరిగిందని, పంపూ నాజిళ్లూ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి పంపాలని, 20 వేలకు తక్కువ కాదని చెప్పారు. ఆ మాట నిజమైతే పెట్టక తప్పదు. కానీ నాజిళ్ల మీదుగా పోయే సన్నని రబ్బరు పైపులు పగుళ్లు పట్టి ఉన్నాయి, వాటిని ముట్టుకుంటే చేతికి డీజిల్ తడి తగులుతోంది. అంత చిన్న పైపుల వల్ల ఇంత ఇబ్బంది వస్తుందా?

దీనితో పాటు వెనుక కమాన్ల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) దగ్గర గుంతల్లో టక్కు టక్కుమంటోంది, డ్రైవర్ వైపు తలుపు కిందికి జారింది, గేర్ రాడ్ చేతిలో ఊగుతోంది, బ్రేకు పెడల్ అప్పుడప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేదు. ఏది ముందు చేయాలో, ఏది ఇంట్లో పానలతో నేనే చేసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: హుజూరాబాద్ షెడ్డు

తమ్ముడూ, పంపు విప్పే ముందు ఒక్క వారం ఆగండి. మీరు రాసిన లక్షణాల్లో రాత్రి నిలిచిన తర్వాతే కష్టం కావడం, అందుకున్నాక అర నిమిషం తడబడటం, పగలంతా ఇబ్బంది లేకపోవడం అనే మూడూ డీజిల్ వచ్చే లైనులో గాలి చేరిందని చెబుతున్నాయి. పంపు లోపల నిజంగా అరిగితే సాధారణంగా ఇంజన్ బాగా వేడెక్కినప్పుడు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ మొండికేస్తుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. మీ బండి దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది.

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. ఇంజన్ తిరుగుతున్నా పొగ అసలే రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లటి పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదని అర్థం, అప్పుడు నాజిళ్లనూ కంప్రెషన్‌నూ, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడినీ, అనుమానించాలి. ఇంకో పరీక్షకు ఖర్చే లేదు. రాత్రి బండిని ముందు భాగం పల్లంలో, ట్యాంకు వైపు ఎత్తులో ఉండేలా నిలపండి. పొద్దున సులభంగా అందుకుంటే, మామూలు రోజుల్లో డీజిల్ రాత్రిపూట ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందని తేలుతుంది. డీజిల్ వెనక్కి జారాలంటే ఎక్కడో గాలి లోపలికి పోయే దారి ఉండాలి.

ఆ దారి కంటికి కనబడకపోవచ్చు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను ఇంజన్ వైపు తెచ్చే చిన్న పంపు) దాకా ఉన్న లైనులో డీజిల్‌ను ఆ పంపు గుంజుతుంది, తోయదు. అందువల్ల అక్కడ ఒక క్లిప్పు వదులైనా, పైపు చివర చిన్న చీలిక ఉన్నా, డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైనంతా పొడిగా ఉంది కాబట్టి లైను బాగుందని చాలామంది ఇక్కడే పొరపడి నేరుగా పంపు మీదికి పోతారు. ఫిల్టర్‌కు ముందూ వెనకా జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తాత్కాలికంగా బిగించి ఇంజన్ నడపండి. బుడగలు ఏ ట్యూబులో కనబడుతున్నాయో చూస్తే తప్పు ట్యాంకు వైపు ఉందో, ఫిల్టర్ దగ్గర ఉందో తెలిసిపోతుంది. పరీక్ష అయ్యాక ఆ ట్యూబు తీసేయండి, ఇంజన్ వేడికీ డీజిల్‌కూ అది కొన్ని రోజుల్లోనే గట్టిపడి జారిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. పంపు నుంచి నాజిళ్లకు పోయే ఇనుప పైపుల జోలికి పోయినప్పుడు ఇంజన్ తిరుగుతుండగా కారుతున్న చోట వేలు పెట్టకండి. ఈ తరం ఇంజన్లలో నాజిల్ 200 బార్‌కు అటూఇటూ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన ప్రమాదం అది.

జవాబు: ములుగు రోడ్డు డ్రైవర్

పైన అన్న చెప్పినది పూర్తిగా సరైనది. నేను పాత పికప్ మీద పన్నెండేళ్లుగా మిర్చి, పసుపు తోలుతున్నాను. నా బండికీ ఇదే జరిగింది, మా షెడ్డులో కూడా మొదట పంపు మాటే చెప్పారు. చివరికి తేలినది రిటర్న్ పైపులూ (నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపేవి, మీరు రాసిన ఆ సన్నని పైపులే) రెండు రాగి వాషర్లూ.

రిటర్న్ పైపులు కొనేటప్పుడు కంటి అంచనాకు కొనకండి. పాత ముక్కను కోసి జేబులో పెట్టుకొని పోండి, లోపలి వ్యాసం సరిగ్గా అంతే ఉండాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా క్లిప్పు ఎంత బిగించినా చెమ్మగిల్లుతూనే ఉంటుంది. పైన నూలు అల్లిక ఉన్న, డీజిల్‌కు తట్టుకునే రబ్బరు పైపు అడగండి. నీళ్లకు వాడే పైపు ఎంత మందంగా ఉన్నా దీనికి పనికిరాదు. ఒక ముక్క పగిలిందంటే మిగతావీ అదే వయసువి, కాబట్టి నాజిళ్ల మధ్యవీ, ట్యాంకు వైపు తిరిగి పోయేదీ అన్నీ ఒకేసారి మార్చండి. పాతవి లాగేటప్పుడు నాజిల్ మీది సన్నని ముక్కు వంగిపోతుంది, అందుకే పైపును బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచి తీయండి.

ఫిల్టర్ మీదా పంపు మీదా బోల్టుకు ఇరువైపులా ఉండే రాగి వాషర్లు ఒకసారి బిగిస్తే నలిగి గట్టిపడతాయి. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయడమే మంచిది. దారిలో దొరకని చోట పాత రాగి వాషర్‌ను ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది, గీతలు లేకపోతే పని నడుస్తుంది. అల్యూమినియం వాషర్‌కు ఈ పని చేయకండి. నాజిల్ అడుగున ఉండే వాషర్ సంగతి మాత్రం వేరు. నాజిల్ మొన సిలిండర్‌లోకి ఎంత పొడుచుకు రావాలో దాని మందమే నిర్ణయిస్తుంది. నాజిల్ తీసినప్పుడు పాత వాషర్ గుంతలోనే అంటుకొని ఉండిపోవడం, దాని మీదే కొత్తది వేసి బిగించడం నేను కళ్లారా చూశాను. ఆ బండి నల్లపొగ కక్కింది. టార్చి వేసి గుంతలోకి చూసిన తర్వాతే కొత్తది వేయండి.

వరంగల్‌లో ఇవన్నీ ఆటోనగర్ దుకాణాల్లో దొరుకుతాయి. పంపు సామాను అమ్మేవారిలో పాతవాళ్లు ఇప్పటికీ మైకో అనే అంటారు, ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారింది. రాగి వాషర్లూ, పైపులూ, ఫిల్టర్ మంచి రకానివే తీసుకోండి, వీటిలో మిగిలే డబ్బు ఎంతో ఉండదు. తలుపు కీలు పిన్నూ, దాని ఇత్తడి బుష్ మాత్రం లేత్ వద్ద కొలత ఇచ్చి చేయించుకుంటే సరిపోతుంది. పిన్ను కొట్టే ముందు తలుపు కింద జాకీ పెట్టి బరువు ఆపండి, లేకపోతే రంధ్రం సూటిగా దొరకదు. గేర్ రాడ్ ఊగడానికి చాలావరకు కింద ఉండే ప్లాస్టిక్ బుష్ అరగడమే కారణం, రాడ్ తీసి అది మార్చడం అరగంట పని.

ప్రశ్న అడిగినవారు: నర్సంపేట పత్తి రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న పొద్దున పొగ చూశాము, మొదటి మూడు సెల్ఫ్‌లకు పొగ అసలే రాలేదు. నిన్న రాత్రి వాకిలి ముందున్న వాలులో ముందు భాగం కిందికి పెట్టి నిలిపితే రెండో సెల్ఫ్‌కే అందుకుంది. ఆదివారం ట్యూబు పెట్టి చూస్తాను. పైపులు మార్చిన తర్వాత గాలి తీయడం ఎలాగో వరుసగా చెప్పగలరా? బ్రేకు, కమాన్ల గురించి కూడా తెలిసినవారు చెప్పండి.

జవాబు: హుజూరాబాద్ షెడ్డు

పైపులన్నీ బిగించాక ఫిల్టర్ మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. మొదట నురుగు వస్తుంది, తర్వాత బుడగలు లేని డీజిల్ వస్తుంది. అప్పుడు చేతి పంపు ఆపకుండానే స్క్రూ బిగించాలి. ఎంత కొట్టినా చేతికి బిగువు తగలకపోతే చేతి పంపు లోపలి వాల్వే పోయిందని అర్థం, అది కూడా గాలి పోయే దారే. ఆ తర్వాత కూడా అందుకోకపోతే నాజిళ్ల దగ్గర ఇనుప పైపుల నట్లు ఒక చుట్టు వదిలి, సెల్ఫ్ తిప్పిస్తూ, డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటి బిగించండి, చేయి దూరంగా, కింద గుడ్డ అడ్డంగా ఉండాలి. సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకన్లు మించి తిప్పకుండా, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి.

జవాబు: పరకాల లారీ ఓనర్

మీరు జాబితా చివర రాసిన బ్రేకు సంగతిని ముందుకు తేవాలని నా మనవి, స్టార్ట్ కాని బండి ఇంటి దగ్గరే ఉంటుంది గానీ ఆగని బండి రోడ్డు మీద ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో బ్రేకు బూస్టర్‌కు (పెడల్ తొక్కుడుకు బలం కలిపే డబ్బాకు) కావలసిన వాక్యూమ్‌ను విడిగా ఒక పంపు తయారు చేస్తుంది, మీ బండిలో అది డైనమో వెనుకే ఉంటుంది. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకొని ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ పైపునూ, దాని మధ్య ఒకవైపే గాలి పోనిచ్చే చిన్న వాల్వునూ ముందు చూడండి, పంపు మార్చే ఆలోచన ఆ తర్వాతే. ఆ పంపుకు ఇంజన్ ఆయిల్ తెచ్చే పైపు పగిలిందేమో కూడా చూడండి, అది తెగితే ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది.

కమాన్ బుష్‌లు రబ్బరువైతే వాటికి గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. బోల్టును చివరి బిగింపు బిగించేది బండి నేల మీద చక్రాల మీద నిలిచాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నాలుగు నెలలకే చిరిగిపోతుంది. లోడుతో ఒక రోజు తిరిగాక కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమంటే అది కమాన్ కాదు, జాయింట్ క్రాస్, అంటే గేర్ బాక్సు నుంచి వెనుక చక్రాలకు తిప్పుడు తెచ్చే షాఫ్టు కీలు. దాన్ని విప్పే ముందు రెండు వైపులా సుద్దతో గీత గీసుకోండి. షాఫ్టు వరుస తప్పి బిగిస్తే బండి వేగం మీద వణుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: నర్సంపేట పత్తి రైతు

ఆదివారం మా చిన్నాన్న కొడుకుతో కలిసి పని చేశాము. ఫిల్టర్‌కు ముందు పెట్టిన ట్యూబులోనే బుడగలు వరుసగా కనబడ్డాయి. వెతుక్కుంటూ వెనక్కి పోతే, ట్యాంకు దగ్గర రబ్బరు పైపు క్లిప్పు కింద గుండ్రంగా చీలి ఉంది. క్లిప్పు తీసేదాకా అది కంటికి కనబడలేదు, పైన ఒక్క చుక్క తడి కూడా లేదు. ఆ పైపూ, రిటర్న్ పైపులన్నీ, ఫిల్టర్ మీది నాలుగు రాగి వాషర్లూ, ఫిల్టర్‌తో సహా అన్నీ కలిపి 1,400 రూపాయలు అయ్యాయి. గాలి తీయడానికి గంట పట్టింది. ఈ మూడు రోజులుగా పొద్దున ఐదింటికి మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది.

పెడల్ పరీక్ష చేశాము, కొద్దిగా కూడా దిగలేదు. వాక్యూమ్ పైపు మెడ దగ్గర మెత్తబడి లోపలికి అతుక్కుపోతున్నట్టు ఉంది. రేపు వరంగల్ పోయి పైపూ వాల్వూ తెస్తాను. అవి వేసేదాకా లోడు వేయడం లేదు.