మదుపు అనాలా, పెట్టుబడి అనాలా?

పలాస సభ్యుడు:
పశ్చిమ ఆఫ్రికా వాణిజ్య కూటమి ఎకోవాస్ గురించి మా జీడిపప్పు వ్యాపారుల కోసం నాలుగు పేజీలు రాస్తున్నాను. ఒక మాట దగ్గర పెద్దల సలహా కావాలి. బయటి దేశంలో ఫ్యాక్టరీ పెడితే దాన్ని పత్రికలు ‘విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి’ అంటాయి, షేర్లు కొనేవాణ్నేమో ‘మదుపరి’ అంటాయి. మా ఊళ్లలో మదుపు అంటే షేర్లు కాదు. దుక్కికి, విత్తనానికి, ఎరువుకి, కూలికి పెట్టేదే మదుపు. పంట పోతే ‘మదుపులు కూడా రాలేదు’ అంటాం. పొలంలో దిగిన డబ్బు మధ్యలో వెనక్కి తీసుకోలేం. ఆ లెక్కన ఫ్యాక్టరీ కట్టినవాడిదే కదా మదుపు?

విజయనగరం మాస్టారు:
మంచి మాట పట్టుకున్నావు బాబూ. కంపెనీ ఓటింగులో విదేశీ సంస్థకు 10 శాతం, ఆపైన వాటా ఉంటే అంతర్జాతీయ లెక్కల్లో ప్రత్యక్ష పెట్టుబడి అని రాస్తారు. అంతకు తగ్గితే పోర్ట్‌ఫోలియో. అది ధర చూసుకుని రేపే అమ్ముకుని పోగలిగే డబ్బు. మన వాడుక ప్రకారం మదుపు మొదటిదానికే నప్పుతుంది. పత్రికల అలవాటు వేరుగా ఉంది కాబట్టి శీర్షికలో పెట్టుబడి ఉంచు, లోపల మదుపు ధైర్యంగా వాడు.

శ్రీకాకుళం సభ్యురాలు:
ఉత్త ‘కూటమి’ అని ఎక్కడా వదిలెయ్యకండి అన్నయ్యా. మన దగ్గర ఆ మాట వింటే ఎన్నికల పొత్తే గుర్తొస్తుంది. అయినా పలాస వాళ్లకి ఎకోవాస్‌తో ఏం పని?

పలాస సభ్యుడు:
జీడి పిక్కలమ్మా! ఇక్కడి పంట చాలక ఆఫ్రికా పిక్కలు తెప్పించుకుంటాం. ప్రపంచంలో పిక్కలు ఎక్కువ పండే ఐవరీ కోస్ట్ ఆ కూటమిలోదే. అందులోదే అయిన బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతి ఆపింది. పప్పు తీసే పని తమ దేశంలోనే జరగాలని వాళ్ల పట్టుదల. అందులో తప్పేముంది? ఆ పనితోనే కదా పలాస బతుకుతోంది. కానీ అక్కడికి వెళ్లి యూనిట్ పెట్టాలంటే పిక్కలు ఉడికించడానికి బాయిలర్, కోసే మిషన్లు, ఎండబెట్టే డ్రయ్యర్ కొనాలి, పొట్టు తీయడం, గ్రేడు కట్టడం మనుషులకి నేర్పాలి. నచ్చకపోతే మూటగట్టుకుని వచ్చేసే వ్యవహారం కాదు. అందుకే నాకు మదుపు అన్న మాట కావాలి.

అక్కడి పరిస్థితులూ ఒక్కలా లేవు. ఎకోవాస్ 1975లో పుట్టింది. బయటి సరుకు మీద ఉమ్మడి దిగుమతి సుంకం 2015లో మొదలైంది. ఎగుమతి ఆంక్షలు మాత్రం దేశానికో రకం. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో ఎకోవాస్ నుంచి బయటికి వచ్చేశాయి, అయినా బెనిన్, ఐవరీ కోస్ట్‌లతో పాటు యూరోకి ముడిపెట్టిన సీఎఫ్ఏ ఫ్రాంకు అనే ఉమ్మడి కరెన్సీనే వాడుతున్నాయి. ఘానా, నైజీరియాలకు సొంత కరెన్సీలు. ఏటా మారే ఎగుమతి రూలు చూస్తేనే వ్యాపారికి టెన్షన్.

చివరికి ఇలా రాశాను: ‘ముడి సరుకు దొరుకుతుందన్న ఒక్క ఆశతో మదుపు పెట్టకండి, ఎగుమతి నిబంధనలూ కరెన్సీ రెండూ చూసుకోండి.’

విజయనగరం మాస్టారు:
బాగుంది. ‘ముడి సరుకు’ తీసేసి ‘పిక్కలు’ అని రాయి. చదివేది మీ పలాస వాళ్లే కదా.