అప్‌డేట్: అమ్మమ్మ ట్రంకుపెట్టెలోని చిల్లుకానీలు

పెదవాల్తేరు ఇంట్లో సముద్రపు గాలికి నల్లబడ్డ పాత కానీల్ని చింతపండుతో తోమొచ్చా అని అడిగాను కదా. వద్దన్నవాళ్ల మాట విననందుకు ఒకటి బలైంది. చింతపండు, ఉప్పు పట్టించి అయిదు నిమిషాలు ఉంచితే 1944 చిల్లుకానీ మెరిసింది గానీ, అదో పచ్చి గులాబీ రంగు. పులుపు మకిలితో పాటు పైపొరనీ తినేస్తుంది మరి. సరిగ్గా కడగలేదేమో, వారానికల్లా పచ్చటి చిలుము లేచింది. అమ్మ ఇత్తడి చెంబుకి రోజూ ఇదే వైద్యం, దానికేం కాదు!

మిగతా పదకొండూ గోరువెచ్చని నీళ్లలో చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి నానబెట్టి, మంచినీళ్లతో కడిగి, రుద్దకుండా గుడ్డతో అద్ది ఆరబెట్టాను. జిడ్డు పోయింది, నలుపు ఉంది. ఉండనీ. సగమే వెండి ఉన్న 1942 రూపాయి బిళ్లని మాత్రం ముట్టుకోలేదు.