మూడు ఊళ్లు, 60 కంప్యూటర్లు: ఊరికో డొమైన్ కావాలా?

భీమవరం నుంచి ప్రశ్న:
మాది రొయ్యల ఎగుమతి కంపెనీ అండి. నేను చేరినప్పుడు 9 కంప్యూటర్లు, ఏ కంప్యూటర్ ఖాతాలు ఆ కంప్యూటర్‌లోనే ఉండే వర్క్‌గ్రూప్‌తో సరిపోయేది. ఇప్పుడు భీమవరం ప్లాంటులో 45, పాలకొల్లులో 9, వశిష్ఠ అవతల రాజోలులో 6. ఎవరైనా మానేస్తే వాళ్ల ఖాతా తీసెయ్యడానికి ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ తిరుగుతున్నాను. ఖాతాలన్నీ ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ పెడదామంటే, సర్వర్ అమ్మే ఆయన ఊరికో డొమైన్ (ఒకే ఖాతాల జాబితా వాడే కంప్యూటర్ల గుంపు) అంటున్నారు. నిజంగా అవసరమా?

కాకినాడ నుంచి జవాబు:
వద్దండి. ఒకటే డొమైన్ పెట్టి, ఊళ్లని సైట్లుగా విడగొట్టండి. ఏ ఊరి సబ్‌నెట్ (ఆ ఊరి కంప్యూటర్ల ఐపీ అడ్రసుల వరస) ఆ సైట్‌కి కలిపితే లాగిన్ దగ్గర్లో ఉన్న కంట్రోలర్‌కి, అంటే ఖాతాలు ఉంచి పాస్‌వర్డ్ సరిచూసే సర్వర్‌కి, వెళ్తుంది.

కంట్రోలర్లు మాత్రం రెండు ఉండాలి. నేను రైస్ మిల్లులో ఒక్కటే పెట్టాను. గాలివాన రాత్రి కరెంటు పోతూ వస్తూ డిస్కు కాలిపోయింది. బ్యాకప్ కూడా ఆ పెట్టెలోనే ఉంది! పొద్దున్న పాత పాస్‌వర్డ్‌లతో కంప్యూటర్లు తెరుచుకున్నాయి. కానీ పేరుని బట్టి సర్వర్ అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్ కూడా పోయిన సర్వర్‌లోనే ఉండడంతో బిల్లింగ్ ప్రోగ్రాంకి దాని సర్వర్ ఎక్కడుందో దొరకలేదు. లారీలు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఖాతాలన్నీ మళ్లీ చేత్తో కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ టెన్షన్ మీకొద్దు.

రెండో కంట్రోలర్ పాలకొల్లులో పెట్టండి. సైట్ల మధ్య రెప్లికేషన్ (ఒక కంట్రోలర్‌లో మార్పులు రెండోదానికి చేరడం) మామూలుగా 180 నిమిషాలకోసారి జరుగుతుంది, దాన్ని 15కి దించండి. మానేసినవాళ్ల సంగతి అక్కడా త్వరగా తెలియాలి కదా. కంప్యూటర్లలో రెండో డీఎన్‌ఎస్‌గా గూగుల్ వాళ్ల 8.8.8.8 ఇవ్వకండి, దానికి మీ డొమైన్ పేరు తెలియదు.

తణుకు నుంచి:
మా ఆడిటర్ ఆఫీసులో ఏడే కంప్యూటర్లు. నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె) యూజర్లని కట్టుకున్నాం, డైరెక్టరీ జోలికి పోలేదు. లైసెన్సు ఖర్చు బరువనుకుంటే ఉచితంగా దొరికే సాంబా సాఫ్ట్‌వేర్ చూడండి, 2012లో వచ్చిన 4.0 నుంచి అదీ డొమైన్ కంట్రోలర్‌గా పనిచేస్తుంది.

భీమవరం నుంచి:
చాలా థాంక్సండి. రాజోలులో గోదాం మూలే సర్వర్ గది, తాళం కూడా లేదు. అక్కడేం పెట్టమంటారు?

కాకినాడ నుంచి:
ఆరు కంప్యూటర్లకి సర్వర్ ఏమీ వద్దు, ఇంటర్నెట్ మీదుగా మీ ఆఫీసులని కలిపే వీపీఎన్ చాలు. లైన్ తెగిన రోజు అంతకుముందు లాగిన్ అయినవాళ్లకి కంప్యూటర్ తెరుచుకుంటుంది. రేపు 20 కంప్యూటర్లు దాటితే రీడ్ ఓన్లీ కంట్రోలర్ (ఖాతాలు చదవడమే తప్ప మార్చనివ్వనిది) పెట్టండి. మీరు అనుమతించినవాళ్ల పాస్‌వర్డ్‌లే అందులో ఉంటాయి. పెట్టె ఎవరైనా ఎత్తుకుపోయినా వాటిని మార్చుకుంటే సరిపోతుంది. ముందు ఆ గదికి తాళం వేయించండి.