హోమ్ ఫోల్డర్ ఎస్‌ఎస్‌డీలో ఉండాలా, పాత హార్డ్ డిస్కులోనే ఉంచాలా?

తుంగభద్ర తీరం, కర్నూలు

అందరికీ నమస్కారం. కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర మాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక అక్కడి డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాం. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. పనికి ఇబ్బంది లేదు గానీ, పొద్దున షట్టరు తీసి స్విచ్ వేస్తే బ్రౌజరు తెరుచుకునేసరికి కౌంటరు ముందు జనం నిలబడి ఉంటారు. అందుకని తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నాను.

అమ్మినాయన సిస్టమ్ ఒక్కటే ఎస్‌ఎస్‌డీలో వేసి, మన ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ను పాత డిస్కులోనే ఉంచమన్నాడు. డేటా రాతలు ఎక్కువైతే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట. మా బావమరిదేమో మొత్తం కొత్తదానిలోకే మార్చమంటున్నాడు. ఎవరి మాట వినాలి? మా ఊరి ఎండలు, కరెంటు కోతలు కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.

టవర్‌క్లాక్ నీడ, అనంతపురం

అమ్మినాయన చెప్పిందే వినండి. నేను చాలా ఏళ్లుగా ఇదే పద్ధతి పాటిస్తున్నాను. సిస్టమ్ పాడైతే గంటలో మళ్లీ వేసుకోవచ్చు, మన ఫైళ్లు పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. హార్డ్ డిస్కు పోయే ముందు టకటకమని చప్పుడు చేస్తుంది, కాపీ చేసుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న పని చేసి ఇవాళ కంప్యూటర్‌ను మొదట లేపే బయాస్‌కు కూడా కనిపించకుండా పోతుంది. దాని నుంచి డేటా తీయడం చాలా కష్టం, ఖర్చు కూడా. పైగా హోమ్ వేరుగా ఉంటే కొత్త వెర్షన్ వేసుకున్నప్పుడు దాన్ని ముట్టుకోవాల్సిన పని ఉండదు. 240 జీబీ దుకాణం ఫైళ్లకు చాలదు కూడా.

పాలకొండల కింద, కడప

టవర్‌క్లాక్ గారూ, మీ జాగ్రత్తను గౌరవిస్తూనే గట్టిగా విభేదిస్తున్నాను. ఈ సలహా ప్రతిచోటా వినిపిస్తుంది. దాన్ని నమ్మి ఎస్‌ఎస్‌డీ కొన్నవాళ్లు సగం లాభమే పొందుతున్నారు.

హోమ్ అంటే మన ఫోటోలు, పీడీఎఫ్‌లు మాత్రమే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. తుంగభద్ర గారూ, మీ ఫైల్ మేనేజరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు బయటపడతాయి. బ్రౌజరు ప్రొఫైల్, కాష్ (తాత్కాలిక నకళ్లు), డెస్క్‌టాప్ సెట్టింగులు అన్నీ అక్కడే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ హిస్టరీని, కుకీలను ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేసు ఫైళ్లలో దాస్తుంది. తెరిచి ఉన్న ట్యాబుల వివరాలను, మార్పు ఉంటే, 15 సెకన్లకోసారి రాసుకుంటుంది. ఇవన్నీ చిన్న చిన్న ముక్కలు, డిస్కు మీద ఒక్కోటి ఒక్కో చోట ఉంటుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే (7200 ఆర్‌పీఎం) డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డేటా చదివే సూది కిందికి రావడానికి సగటున అందులో సగం. ఆ సూది ట్రాకు మారడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు వంద ముక్కలు కూడా అందవు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు అందిస్తుంది.

సిస్టమ్ ఒక్కటే ఎస్‌ఎస్‌డీలో పెడితే లాగిన్ తెర చకచకా వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టిన క్షణం నుంచి మళ్లీ ఆ పాత డిస్కు కోసమే ఎదురుచూపు. కొత్త బోరు వేయించి, ఇంట్లోకి నీళ్లు మాత్రం పాత బావి నుంచే తోడుకోవడం అది. మీ కౌంటరు ముందు జనం నిలబడేది బ్రౌజరు కోసమే గాని లాగిన్ తెర కోసం కాదు.

ఇక అరుగుదల. శాంసంగ్ 860 ఈవో 250 జీబీ రకాన్నే ఉదాహరణకు తీసుకోండి. దానికి కంపెనీ ఇచ్చిన హామీ 150 టెరాబైట్ల రాతలు. మీ దుకాణంలో రోజుకు 20 జీబీ రాస్తారనుకుందాం, అది చాలా ఎక్కువ లెక్క. అయినా 7500 రోజులు, అంటే 20 ఏళ్లకు పైగా వస్తుంది. చవక రకాలకు హామీ ఇందులో సగమే ఉన్నా ఆ కంప్యూటర్ కంటే ఎక్కువ కాలమే నడుస్తుంది. అరుగుతుందనే భయంతో ఎస్‌ఎస్‌డీని వాడకుండా దాచుకోవడంలో అర్థం లేదు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్ చెదరకూడదంటే అదే డిస్కులో వేరే భాగం (పార్టిషన్) చాలు, వేరే డిస్కు అక్కర్లేదు. అదే ఎస్‌ఎస్‌డీలో 60 జీబీ సిస్టమ్‌కు, మిగిలింది హోమ్‌కు ఇవ్వండి. స్కాన్లు, వీడియోలు, పాత దరఖాస్తుల పీడీఎఫ్‌లు హార్డ్ డిస్కులో వేరే ఫోల్డరులో ఉంచి, హోమ్ నుంచి దానికి లింకు పెట్టుకోండి. పెద్ద ఫైలును వరసగా చదవడంలో హార్డ్ డిస్కు ఇప్పటికీ బాగానే పనికొస్తుంది.

టవర్‌క్లాక్ నీడ, అనంతపురం

వేగం గురించి మీరు చెప్పిన లెక్క కాదనను. నా భయం అరుగుదల కాదు, హఠాత్తుగా చావడం. దానికి మీరు జవాబు చెప్పలేదు. ఇక్కడ కరెంటు చెప్పి పోదు. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే ఎస్‌ఎస్‌డీ ఏమవుతుందో కూడా చెప్పండి.

పాలకొండల కింద, కడప

చెబుతాను. హార్డ్ డిస్కు ముందుగా హెచ్చరిస్తుందన్న నమ్మకమే ప్రమాదకరం. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, డిస్కు తన ఆరోగ్యాన్ని తానే గమనించుకునే స్మార్ట్ వ్యవస్థలోని ప్రధానమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపలేదు. కాబట్టి ఏ డిస్కు ఎప్పుడు పోతుందో తెలియదు. దానికి మందు బ్యాకప్ ఒక్కటే, హోమ్ ఎక్కడ ఉందన్నది కాదు. హోమ్ ఎస్‌ఎస్‌డీలో ఉంటే రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే నకలు ప్రోగ్రాముతో పాత హార్డ్ డిస్కుకు నకలు తీయించవచ్చు. మీ పద్ధతిలో ఆ హార్డ్ డిస్కే అసలు అవుతుంది, నకలు ఎక్కడా ఉండదు.

ఒక్క హెచ్చరిక. మింట్‌లో సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. అది మొదటి నుంచీ ఉన్న అమరికలో హోమ్ ఫైళ్లను నకలు తీయదు, సిస్టమ్‌ను మాత్రమే కాపాడుతుంది.

కరెంటు విషయంలో మీ మాట నిజం. సర్వర్లకు వాడే ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా రాత పూర్తి చేసేంత శక్తిని పట్టి ఉంచే కెపాసిటర్లు ఉంటాయి, ఇళ్లలో వాడే చాలా రకాల్లో ఉండవు. అందుకే యూపీఎస్ తప్పనిసరి. అది హార్డ్ డిస్కుకూ తప్పనిసరే. ఎండ గురించి దిగులు వద్దు. సాటా ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా 70 డిగ్రీల దాకా, హార్డ్ డిస్కులు 60 దాకా పని చేసేలా తయారవుతాయి. మన మే నెలలో ముందు బాధపడేది హార్డ్ డిస్కే.

హంద్రీ ఒడ్డు, కర్నూలు

వాదన మీరిద్దరూ తేల్చుకోండి, తుంగభద్ర అన్నకు పని జరగాలి కదా. అన్నా, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ తీసేయండి. లేకపోతే ఇన్‌స్టాలర్ కొన్నిసార్లు బూట్ ఫైళ్లను పాత డిస్కులోని ఈఎఫ్‌ఐ అనే బూట్ పార్టిషన్‌లోనే పెడుతుంది. తర్వాత ఆ డిస్కు తీస్తే కంప్యూటర్ లేవదు.

మొత్తం డిస్కునే ఉన్నదున్నట్టు క్లోన్ చేయమని ఎవరైనా చెబితే వద్దనండి. 1 టీబీ డిస్కు 240 జీబీలో ఎలాగూ పట్టదు. పార్టిషన్లు కుదించి చేసినా రెండింటికీ ఒకే యూయూఐడీ (పార్టిషన్‌ను గుర్తించే సంఖ్య) వస్తుంది, ఏది వాడుకలోకి వచ్చిందో (మౌంట్ అయిందో) తెలియక తిప్పలు పడాలి. పాత డిస్కును, ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైలులో చేర్చేటప్పుడు యూయూఐడీతోనే రాసి, పక్కన నోఫెయిల్ అని చేర్చండి. అది లేకుండా ఆ డిస్కు ఏనాడైనా పలకకపోతే సిస్టమ్ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. ఖాళీ అయిన చోట్లను ఎస్‌ఎస్‌డీకి తెలిపే ట్రిమ్ పనిని వారానికోసారి చేసే టైమర్ మింట్‌లో ముందే ఆన్‌లో ఉంటుంది, ఒకసారి చూసుకుంటే చాలు.

టవర్‌క్లాక్ నీడ, అనంతపురం

రాత్రి నకలు మాట బాగుంది. అది నిజంగా రోజూ జరిగే చోట కడప ఆయన పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. జరగని చోట మాత్రం నా మాట మీదే ఉంటాను. దుకాణాల్లో చాలా చోట్ల జరగదు. ఇంకొకటి, తుంగభద్ర గారూ, కస్టమర్ల ఆధార్ స్కాన్లు పని అయిపోగానే తీసేయండి. ఏ డిస్కులో ఉన్నా అవి మీ దగ్గర ఉండకూడనివి.

తుంగభద్ర తీరం, కర్నూలు

ఆదివారం దుకాణం మూసి ఉంటుంది, ఆ రోజే పని పెట్టుకుంటాను. 60 జీబీ సిస్టమ్‌కు, మిగిలింది హోమ్‌కు. స్కాన్లు హార్డ్ డిస్కులోకి, పాత ఆధార్ నకళ్లన్నీ చెత్తబుట్టలోకి. రాత్రి దుకాణం కట్టేశాక కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి నకలు మధ్యాహ్నం భోజనం వేళకు పెట్టుకోవచ్చా?

పాలకొండల కింద, కడప

నిక్షేపంగా పెట్టుకోవచ్చు. బ్రౌజరు మూసేసి భోజనానికి వెళ్లండి, తెరిచి ఉంటే ప్రొఫైల్ సగం మారిన స్థితిలో నకలు అవుతుంది. మొదటిసారి ఎక్కువ సేపు పడుతుంది, తర్వాత మారిన ఫైళ్లే వెళ్తాయి. నెలకోసారి ఆ నకలులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.